కాలు తీసేసినంక నరాల నొప్పి తగ్గకపోతే: ఆపరేషన్ దాకా ఎట్ల పోవాలె, ఏం అడగాలె

కాలు తీసేసినంక నొప్పి ఉందంటే చుట్టాలే కాదు, కొందరు డాక్టర్లు కూడా "కొన్ని రోజులైతే అదే పోతది, అలవాటైతది" అంటరు. కొందరికి నిజంగానే తగ్గుతది. కానీ గాయం మానిపోయి, కుట్లు తీసేసి, నెలలు దాటినా రాత్రిపూట షాక్ కొట్టినట్టు వస్తా ఉంటే, సాకెట్‌లో (ఆర్టిఫిషియల్ కాలు పైన, మిగిలిన కాలు దూర్చే గిన్నె లాంటి భాగం) కాలు పెట్టి బరువు వేయగానే ఒక్క పాయింట్ దగ్గర ప్రాణం పోయినంత పని అయితా ఉంటే, దాన్ని అలవాటు చేసుకోమనడం అన్యాయం. దానికి కారణం ఉంటది, చానాసార్లు ఆ కారణం తెగిన నరం చివర్న ఉంటది, దానికి ఇప్పుడు ఆపరేషన్లు కూడా ఉన్నయి. మా అన్నకు యాక్సిడెంట్‌లో మోకాలు కింద కాలు తీసేసిన్రు. ఆయన తోటి హాస్పిటల్స్ తిరుగుతా, కనపడిన డాక్టర్‌నల్లా అడుగుతా, రాత్రుళ్లు చదువుతా తెలుసుకున్నదంతా ఒక్కచోట రాస్తున్న. నేను డాక్టర్‌ను కాదు, మందులు డోసులు మీ డాక్టరే చెప్పాలె. కానీ ఎవరి దగ్గరికి పోవాలె, ఏ టెస్ట్ చేయించుకోవాలె, సర్జన్‌ను ఏం అడగాలె అన్నది మాత్రం ఇంటోళ్లకే తెలిసి ఉండాలె, ఎందుకంటే ఎవరూ పిలిచి చెప్పరు.

ముందు ఏ నొప్పో తేల్చుకోవాలె

డాక్టర్ ముందు కూర్చొని ఊరికే "నొప్పి సార్" అంటే ఆయన కూడా ఒక గోళీ రాసి పంపిస్తడు, ఓపీలో ఒక్కొక్కరికి దొరికే టైమే అంత. అందుకే ఇంట్లోనే కొంచెం పని చేసుకొని పోవాలె.

కాలు పోయినోళ్లకు మూడు రకాలుగ అనిపిస్తది. ఒకటి, లేని పాదం ఉన్నట్టే అనిపించడం, వేళ్లు కదిలినట్టు, అరికాలు దురద పెట్టినట్టు ఉంటది కానీ నొప్పి ఉండదు. దీనికి ట్రీట్‌మెంట్ ఏం అక్కర్లేదు. జాగ్రత్త మాత్రం కావాలె, సగం నిద్రలో లేచి కాలు ఉందనుకొని అడుగేసి పడిపోయేటోళ్లు ఉంటరు, కాబట్టి మంచం పక్కనే వాకర్ ఉండాలె, రాత్రి చిన్న లైట్ వేసి ఉంచాలె. రెండోది ఫాంటమ్ పెయిన్, అంటే లేని పాదంలోనే నొప్పి. మంట, వేళ్లు ముడుచుకపోయి గుంజినట్టు, గోరు కింద సూది దించినట్టు. ఇది భ్రమ అని, మెంటల్ అని ఎవరన్నా అంటే నమ్మకండి. అమెరికా సివిల్ వార్‌లో కాళ్లు చేతులు పోయిన సైనికులను చూసిన సైలస్ వేర్ మిచెల్ అనే డాక్టర్ 1871లోనే దీనికి ఫాంటమ్ లింబ్ అని పేరు పెట్టి రాసిండు, అంటే డాక్టర్లకు ఇది తెలిసి నూటయాభై ఏండ్లు దాటింది. మూడోది మిగిలిన కాలులో, అంటే స్టంప్‌లోనే వచ్చే నొప్పి.

ఈ మూడో దాంట్లోనే ఆపరేషన్‌కు ఎక్కువ ఛాన్స్ ఉండేది న్యూరోమా. నరాన్ని కోసినప్పుడు అది చచ్చిపోదు, దాని చివర నుంచి సన్నటి పోగులు మళ్లీ పెరగడం మొదలుపెడతయి, కింద పాదం లేదు, కండ లేదు, పోవాల్సిన చోటు లేదు. పందిరి లేని బీరతీగ నేలమీద ఎట్ల తనకు తానే చుట్టుకొని ముద్దయితదో అట్ల ఆ పోగులన్నీ కలిసి గడ్డ కడతయి, అదే న్యూరోమా. నరం కోసిన ప్రతిచోటా ఇది ఎంతో కొంత వస్తది, అందరికీ నొప్పి ఉండదు. సాకెట్ ఒత్తుకునే చోట, మచ్చ కింద, ఎముక అంచుకు ఆనుకొని వచ్చిందా, ఇక బట్ట తగిలినా తట్టుకోలేరు.

ఇంట్లో చూసుకునే పద్ధతి చెప్తా. స్టంప్ మీద వేలి కొసతోటి మెల్లగ తట్టుకుంటా పోండి. ఒక్క పాయింట్ దగ్గర షాక్ లాగా జివ్వుమంటే అక్కడ పెన్నుతోటి గుర్తు పెట్టి ఫోన్‌లో ఫోటో తీయండి. ఆ జివ్వుమనేది లేని పాదంలో ఎక్కడికి పోతుందో కూడా అడిగి రాసుకోండి, ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే దాన్నిబట్టి ఏ నరమో తెలుస్తది. అరికాలుకు పోతే టిబియల్ నరం, పాదం పైభాగానికి పోతే సూపర్‌ఫీషియల్ పెరోనియల్, బొటనవేలు దాని పక్క వేలు మధ్య సందుకు పోతే డీప్ పెరోనియల్, చిటికెన వేలు వైపు బయటి అంచుకు పోతే సూరల్, లోపలి చీలమండ వైపు పోతే సఫీనస్. మా అన్న "అరికాలు మండుతుంది" అని అంటా ఉంటే అది ఫాంటమ్ పెయిన్ అని అందరం అనుకున్నం, తీరా చూస్తే స్టంప్ వెనక ఒక పాయింట్ నొక్కితేనే అది మొదలయ్యేది. అంటే రెండు రకాలు కలిసిపోయి కూడా ఉంటయి.

న్యూరోమా కాకుండా వేరే కారణాలు కూడా చానా ఉన్నయి, వాటిని పక్కన పెట్టకుండా ఆపరేషన్‌కు ఉరకొద్దు. సాకెట్ సరిగ్గ కుదరకపోవడం అన్నిటికన్నా కామన్, బరువు తగ్గినా పెరిగినా స్టంప్ సైజు మారుతది, సాకెట్ మాత్రం మారదు. ఎముక చివర కొత్తగ ముల్లులాగా పెరగడం ఉంటది, అది మామూలు ఎక్స్‌రేలో కనపడుతది. లోపల ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. షుగర్ వల్ల కాలు పోయినోళ్లకు రక్తం సరఫరా తక్కువయి నొప్పి రావచ్చు, దానికి డాప్లర్, అంటే రక్తం ఎట్ల పారుతుందో చూసే స్కాన్ చేస్తరు. నడుము దగ్గర డిస్క్ జరిగి సయాటికా వచ్చినా అది కింద స్టంప్‌లోనే తెలుస్తది, ఒక కాలు మీద వంకరగ నడిచేటోళ్లకు నడుము పాడవడం వింతేం కాదు.

గోళీలు, అద్దం, సాకెట్: ఇవి చేయకుండా సర్జన్ ఒప్పుకోడు

ఎవరైనా మంచి సర్జన్ మొదటి రోజే కత్తి పట్టడు. గాబాపెంటిన్ లేదా ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లేదా నార్ట్రిప్టిలిన్, డులోక్సెటిన్, వీటిలో ఏదో ఒకటి కొన్ని వారాలు వాడి చూపిస్తరు. పక్కింటాయన చీటీ పట్టుకొని మెడికల్ షాపులో ప్రీగాబాలిన్ కొనొద్దు, కిడ్నీ ప్రాబ్లం ఉన్నోళ్లకు డోసు తగ్గించి ఇవ్వాలె, షుగర్ పేషెంట్లలో ఈ ప్రాబ్లం ఎక్కువ. మొదట్లో మత్తుగ, తూలినట్టుగ ఉంటది, ఒంటి కాలు మీద ఉన్న మనిషి తూలి పడితే ఇంకో కథ అయితది. ఇంకోటి, కొంచెం తగ్గిందని ఒక్కసారిగ మానేయొద్దు, మెల్లగ తగ్గించుకుంటా రావాలె.

ఫాంటమ్ పెయిన్ ఎక్కువున్నోళ్లు అద్దం పద్ధతి తప్పకుండా చేయాలె. మంచి కాలు పక్కన పొడుగు అద్దం నిలబెట్టి, స్టంప్ అద్దం వెనక దాచి, అద్దంలో కనపడే కాలునే పోయిన కాలు అనుకుంటా మెల్లగ కదిలించడం. చెన్నైలో చదువుకొని అమెరికాలో పనిచేసిన వి.ఎస్.రామచంద్రన్ 1990లలో దీన్ని మొదలుపెట్టిండు. ఖర్చు ఒక అద్దమే. రోజూ కొద్దిసేపు, వారాల తరబడి చేస్తేనే తెలుస్తది, రెండు రోజులు చేసి పనిచేయలేదు అంటే కాదు. రెండు కాళ్లూ పోయినోళ్లకు ఇది కుదరదు, వాళ్లకు ఊహలో కదిలించే ఎక్సర్‌సైజులు ఫిజియో నేర్పిస్తడు.

సాకెట్ మాత్రం కాలు తయారుచేసిన టెక్నీషియన్ దగ్గరికే తీసుకపోయి, మీరు పెన్నుతోటి పెట్టిన గుర్తు చూపించి, ఆ చోట లోపల కొంచెం అరగదీయమనండి. కొందరికి అక్కడితోనే సగం బాధ పోతది.

నర్వ్ బ్లాక్: నా ఉద్దేశంలో అసలు టెస్ట్ ఇదే

స్కాన్‌లో గడ్డ కనపడింది అనగానే ఆపరేషన్ అని డిసైడ్ కావొద్దు. ఎంఆర్‌ఐలో, అల్ట్రాసౌండ్‌లో కనపడే ప్రతి న్యూరోమా నొప్పి పెట్టదు, నొప్పి పెట్టే ప్రతిదీ స్కాన్‌లో కనపడదు. తేల్చేది నర్వ్ బ్లాక్. అల్ట్రాసౌండ్‌లో చూసుకుంటా ఆ నరం పక్కన మత్తు ఇంజక్షన్ ఇస్తరు, లిగ్నోకెయిన్ అయితే తక్కువసేపు, బూపివకెయిన్ అయితే ఇంకొంచెం ఎక్కువసేపు ఆ నరం మొద్దుబారి ఉంటది. ఆ టైంలో నొప్పి మాయమైతే దొంగ దొరికినట్టే. అస్సలు తగ్గకపోతే కారణం వేరే ఏదో ఉంది, ఆ నరం మీద ఆపరేషన్ చేసి లాభం ఉండదు. పెద్ద హాస్పిటల్స్‌లో పెయిన్ క్లినిక్ అని ఉంటది, ఎక్కువగ అనస్థీషియా డాక్టర్లే నడుపుతరు, అక్కడ చేస్తరు.

ఇంజక్షన్ అయినంక ఇంటికొచ్చి పడుకుంటే ఆ టెస్ట్ సగం వేస్ట్. పోయేటప్పుడే ఆర్టిఫిషియల్ కాలు వెంట తీసుకపోండి. పట్టు కోల్పోయి పడిపోకుండా పక్కన ఒక మనిషి పట్టుకొని, డాక్టర్ సరే అంటేనే, కాలు పెట్టుకొని అక్కడే కారిడార్‌లో కొంచెం నడిపించండి, ఇంతకుముందు జివ్వుమన్న పాయింట్ మీద తట్టి చూడండి. ఇంజక్షన్‌కు ముందు నొప్పి పదికి ఎంత, అరగంట తర్వాత ఎంత, సాయంత్రానికి ఎంత, స్టంప్ నొప్పికి వేరే, ఫాంటమ్ నొప్పికి వేరే నంబర్ రాయండి. స్టంప్‌లో నొప్పి తోపాటు లేని పాదంలో మంట కూడా తగ్గిందంటే సర్జన్‌కు అది చానా విలువైన సమాచారం. ఆ కాగితం పారేయొద్దు, ఇన్సూరెన్స్‌కు కూడా పనికొస్తది.

ఏ ఆపరేషన్‌లో ఏం చేస్తరు

పాత పద్ధతి ఏందంటే, గడ్డను కోసేసి, నరాన్ని కొంచెం గుంజి పైన కట్ చేసి వదిలేయడం, అది లోపలికి పోయి మెత్తటి కండల మధ్యలో ఉంటది. లేదంటే ఆ చివరను కండలోకో, ఎముకలో రంధ్రం చేసి దాంట్లోకో దాచడం. దీంతోటి బాగుపడ్డోళ్లు ఉన్నరు, కాదనను. కానీ మళ్లీ కోసిన చివరే కాబట్టి మళ్లీ పెరుగుతది, మళ్లీ గడ్డ కట్టే ఛాన్స్ ఉంటది, అప్పుడు రెండోసారి, మూడోసారి టేబుల్ ఎక్కినోళ్లు కూడా ఉన్నరు.

కొత్త ఆలోచన వేరే. పెరిగే నరాన్ని ఆపడం మన వల్ల కాదు, దానికి పోవడానికి ఒక చోటు చూపిద్దాం అని. దీంట్లో రెండు పద్ధతులు.

ఒకటి టార్గెటెడ్ మజిల్ రీఇన్నర్వేషన్, డాక్టర్లు టీఎంఆర్ అంటరు. పాదం పోయినంక పిక్క కండలకు పెద్ద పని ఉండదు కదా, అయినా వాటికి పోయే చిన్న చిన్న నరాలు బతికే ఉంటయి. సర్జన్ చిన్న కరెంటు స్టిములేటర్ తోటి ఆ నరాన్ని తాకి, కండ కదులుతుందా చూసి గుర్తుపడతడు, దాన్ని కండలోకి దిగే చోటుకు దగ్గర్లో కోసి, న్యూరోమా తీసేసిన పెద్ద నరం చివరను దానికి కలిపి వెంట్రుక కన్నా సన్నటి దారంతోటి కుడతడు. పెద్ద నరం మెల్లగ ఆ దారిలో పెరిగి కండలోకి పోయి అతుక్కుంటది. మోకాలు కింద తీసేసినోళ్లకు టిబియల్, పెరోనియల్ నరాలను పిక్క, ముంగాలి కండల నరాలకు కలుపుతరు. మోకాలు పైన తీసేసినోళ్లకు సయాటిక్ నరాన్ని దాని రెండు భాగాలుగ విడదీసి తొడ వెనక కండల నరాలకు కలుపుతరు. స్టిములేటర్ వాడాలి కాబట్టి ఆ టైంలో కండలు బిగుసుకోకుండా ఇచ్చే రిలాక్సెంట్ మందు అనస్థీషియా వాళ్లు ఇవ్వొద్దు, ఈ సంగతి సర్జన్, అనస్థీషియా డాక్టర్ ఇద్దరూ ముందే మాట్లాడుకుంటరు.

ఇది మొదలైంది నొప్పి కోసం కాదు. 2002లో చికాగోలో టాడ్ కైకెన్, గ్రెగరీ డుమానియన్ అనే ఇద్దరు డాక్టర్లు, రెండు చేతులూ భుజాల దగ్గర పోయిన ఒకాయనకు కరెంటుతోటి నడిచే ఆర్టిఫిషియల్ చేయిని మనసుతో కదిలించే వీలు కోసం చేసిన్రు. తర్వాత తర్వాత చేయించుకున్నోళ్లకు న్యూరోమా నొప్పి కూడా తగ్గుతుందని గమనించి నొప్పికే చేయడం మొదలైంది. 2019లో డుమానియన్ టీమ్ 28 మంది మీద చేసిన ట్రయల్ వచ్చింది, కొందరికి టీఎంఆర్, కొందరికి నరాన్ని కండలో దాచే మామూలు ఆపరేషన్ చేసి చూస్తే, ఏడాది తర్వాత ఫాంటమ్ నొప్పి టీఎంఆర్ వాళ్లకు ఎక్కువ తగ్గింది, స్టంప్ నొప్పి కూడా వాళ్లకే కొంచెం ఎక్కువ తగ్గినట్టు కనపడింది. 28 మంది అంటే చిన్న ట్రయలే, అది కూడా గుర్తు పెట్టుకోవాలె.

రెండోది ఆర్‌పీఎన్‌ఐ (రీజెనరేటివ్ పెరిఫెరల్ నర్వ్ ఇంటర్‌ఫేస్), అమెరికాలో మిచిగన్ యూనివర్సిటీలో పాల్ సెడెర్నా టీమ్ పెంచిన పద్ధతి. దీంట్లో ఆ కాలు నుంచే చిన్న కండ ముక్క, సుమారు 3 సెంటీమీటర్ల పొడుగు, ఒకటిన్నర సెంటీమీటర్ వెడల్పు, కోసి తీసి నరం చివర చుట్టూ చుట్టి కుడతరు. ఆ ముక్కకు మొదట సొంత రక్తం సరఫరా ఉండదు, చుట్టూ ఉన్న చోటు నుంచే బతుకుతది, అందుకే మరీ మందంగ తీయరు. నరం ఆ ముక్కలోకే పెరిగి అక్కడే సెటిలైతది. సయాటిక్ లాంటి లావు నరాన్ని ఒక్క ముక్కలో పెట్టలేరు, పొడుగ్గ చీల్చి ఒక్కో పాయకు ఒక్కో కండ ముక్క చుడతరు. దీనికి కండను కదిలించే వేరే నరం (మోటార్ నరం) వెతికే పని లేదు, టైం తక్కువ పడుతది. కొందరు సర్జన్లు రెండూ కలిపి చేస్తరు.

ఏది మంచిది అంటే, మీ సర్జన్‌కు ఏది బాగా చేతనైతే అది. మీరు పట్టుబట్టి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "సార్, గడ్డ తీసినంక ఆ నరం చివరను ఏం చేస్తరు?" కట్ చేసి వదిలేస్తాం అంటే ఇంకో డాక్టర్ ఒపీనియన్ తీసుకోండి. ఇంకో రెండు మూడు కూడా అడగాలె: ఏయే నరాలకు చేస్తరు, ఇట్లాంటివి ఇంతకుముందు ఎన్ని చేసిన్రు, వాళ్లు ఇప్పుడు ఎట్ల నడుస్తున్నరు.

ఇక్కడ ఇంకోటి చెప్పాలె. ఇంట్లో ఎవరికైనా షుగర్ తోటో, గ్యాంగ్రీన్ తోటో కాలు తీసేయాలని ఇప్పుడే చెప్పి ఉంటే, డేట్ ఇంకా ఉంటే, ఈ ప్రశ్న ఇప్పుడే అడగండి. కాలు తీసే రోజే టీఎంఆర్‌గానీ ఆర్‌పీఎన్‌ఐగానీ చేసే పద్ధతి కూడా ఉంది, గడ్డ కట్టి నొప్పి వచ్చేదాకా ఆగక్కర్లేదు. ప్రాణం మీదికొచ్చిన ఎమర్జెన్సీలో, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినప్పుడు కుదరదు, అప్పుడు ప్రాణమే ముఖ్యం. కానీ టైం ఉన్నప్పుడు అడగకపోతే డాక్టర్ తనంతట తాను చెప్తడని గ్యారంటీ లేదు.

హైదరాబాద్‌లో ఎవరి దగ్గరికి పోవాలె

చానామంది కాలు తీసిన ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికే మళ్లీ మళ్లీ పోతా ఉంటరు. ఆయన దగ్గర మొదలుపెట్టడం కరెక్టే, ఎముక ముల్లు, ఇన్ఫెక్షన్ అవన్నీ ఆయనే చూడాలె. కానీ నరం పని ఎక్కువగ ప్లాస్టిక్ సర్జన్లది. ప్లాస్టిక్ సర్జరీ అంటే ముక్కు అందంగ చేయడం అనుకుంటరు మనోళ్లు, కానీ తెగిన చేతులు అతికించేది, నరాలు కుట్టేది వాళ్లే. ఇంకా సూటిగ చెప్పాలంటే, బ్రాకియల్ ప్లెక్సస్ ఆపరేషన్లు చేసే సర్జన్‌ను వెతకండి. బైక్ యాక్సిడెంట్లలో భుజం దగ్గర నరాలు తెగి చేయి పడిపోయిన కుర్రోళ్లకు ఒక నరాన్ని ఇంకో నరానికి కలిపే ఆపరేషన్ చేస్తరు, టీఎంఆర్‌కు కావాల్సిన చేతి నైపుణ్యం సరిగ్గ అదే. మన సిటీలో అట్లాంటి యాక్సిడెంట్లకు కొదవ లేదు కాబట్టి అట్లాంటి సర్జన్లు కూడా ఉన్నరు.

పంజాగుట్ట నిమ్స్‌లో, అఫ్జల్‌గంజ్ ఉస్మానియాలో, ముషీరాబాద్ గాంధీలో ప్లాస్టిక్ సర్జరీ డిపార్ట్‌మెంట్లు ఉన్నయి, పెద్ద కార్పొరేట్ హాస్పిటల్స్‌లో కూడా ఉంటయి. ఎక్కడికి పోయినా మొదటి రోజే టీఎంఆర్, ఆర్‌పీఎన్‌ఐ అన్న పేర్లు పెట్టి ఇక్కడ చేస్తారా అని అడగండి, చేయకపోతే ఎవరి దగ్గరికి పంపిస్తరో రాసిమ్మనండి. గాంధీకి హాస్పిటల్ పేరుతోనే మెట్రో స్టేషన్ ఉంది, నిమ్స్‌కు పంజాగుట్ట, ఎర్రమంజిల్ స్టేషన్లు దగ్గర, లిఫ్టులు ఉంటయి కాబట్టి వీల్‌చెయిర్ మనిషికి సిటీ బస్సు కన్నా చానా నయం. ప్రభుత్వ ఓపీకి పొద్దున్నే పోవాలె, ఒకరు చీటీ లైన్‌లో నిలబడితే ఇంకొకరు పేషెంట్ దగ్గర ఉండాలె, ఒంటరిగ మాత్రం పోవద్దు.

ఫైల్‌లో మొట్టమొదటి ఆపరేషన్ డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు, ఆపరేషన్ నోట్స్ కాపీ కూడా అడిగి తీసుకోండి, నరాలను ఎక్కడ, ఎట్ల కట్ చేసిన్రో దాంట్లోనే రాసి ఉంటది. మేం అడిగిన చోట మొదట "అది మీకెందుకు" అన్నరు, రాతపూర్వకంగ అప్లికేషన్ పెడితే ఇచ్చిన్రు. ఎక్స్‌రే ఫిల్ములు, వాడిన మందుల లిస్ట్, బ్లాక్ టెస్ట్ కాగితం, మీరు పెన్నుతో గుర్తు పెట్టిన ఫోటో, ఇవి కలిపితే ఫైల్ పూర్తయినట్టు.

డబ్బుల సంగతి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ లిమిట్ 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 10 లక్షలకు పెంచిన్రు. లిమిట్ ఉన్నంత మాత్రాన ప్రతి ఆపరేషన్ లిస్ట్‌లో ఉంటదని కాదు, కాబట్టి అడ్మిట్ కాకముందే ఆరోగ్యమిత్ర డెస్క్ దగ్గరికి సర్జన్ రాసిన చీటీ పట్టుకపోయి ఏ ప్యాకేజీ కింద వస్తదో తేల్చుకోండి. ప్రైవేట్ ఇన్సూరెన్స్ ఉంటే ముందే అప్రూవల్ తీసుకోవాలె, డయాగ్నోసిస్ దగ్గర "నొప్పి" అని ఊరికే రాయకుండా నొప్పి పెడుతున్న న్యూరోమా అని, ఏ నరమో, బ్లాక్‌తో ఎంత తగ్గిందో సర్జన్ తోటి రాయించుకోండి. ప్లాస్టిక్ సర్జరీ డిపార్ట్‌మెంట్ పేరు చూసి కాస్మెటిక్ అని కొట్టేసే ప్రమాదం అప్పుడు తగ్గుతది.

ఆపరేషన్‌కు ముందు

షుగర్ కంట్రోల్‌లో లేకుండా టేబుల్ ఎక్కొద్దు, గాయం మానదు. సిగరెట్, బీడీ మానాలె, రక్తనాళాలు ముడుచుకుపోతయి, స్టంప్ చర్మం మొదలే బలహీనంగ ఉంటది. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబడే మందులు వాడుతుంటే మీరే మానేయొద్దు, గుండె డాక్టర్, సర్జన్ ఇద్దరూ చెప్పినట్టు చేయాలె.

ఇంట్లో ఏర్పాట్లు ముందే చేసుకోవాలె, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఆర్టిఫిషియల్ కాలు పెట్టుకోనివ్వరు. ఇండియన్ బాత్రూం అయితే కమోడ్ కుర్చీ కావాలె, స్నానానికి ప్లాస్టిక్ స్టూల్, గోడకు పట్టుకునే రాడ్. వీల్‌చెయిర్ కిరాయికి దొరుకుతది, కొనాల్సిన పని లేదు. లిఫ్ట్ లేని ఇంట్లో రెండో ఫ్లోర్‌లో ఉంటే ఆ కొన్ని వారాలు కింద ఫ్లోర్‌లో ఎవరింట్లోనైనా ఉండటం మంచిది, ఒంటి కాలు మీద మెట్లు దిగుతా పడితే కొత్త కుట్లు పిగిలిపోతయి. వీలైతే ఏప్రిల్, మే వదిలేసి ప్లాన్ చేసుకోండి, మన ఎండకు డ్రెస్సింగ్ కింద, లైనర్ (సాకెట్ లోపల స్టంప్‌కు వేసుకునే మెత్తటి తొడుగు) లోపల చెమట పట్టి చర్మం పాడైతది.

ఆపరేషన్ తర్వాత: ఈ భాగం మెల్లగ చదవండి

ఆపరేషన్ కాగానే నొప్పి పోతది అనుకొని పోయినోళ్లే ఎక్కువ బెదిరిపోతరు. మొదటి కొన్ని వారాలు ఫాంటమ్ నొప్పి కొందరికి ఇంకా పెరుగుతది కూడా. నరాన్ని మళ్లీ కోసిన్రు, అది మళ్లీ పెరగడం మొదలుపెట్టింది, నరం పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటర్. కాబట్టి మూడు నుంచి ఆరు నెలలు అయితేగానీ అసలు ఫలితం తెల్వదు, ఏడాది దాకా మెల్లగ తగ్గుతా పోవచ్చు. ఇంటోళ్లు ఈ లెక్క ముందే తెలుసుకొని ఉంటే "డబ్బులు పోయినయి, నొప్పి పోలేదు" అని మనిషి ముందు అనకుండా ఉంటరు. ఆ మాట చానా గుచ్చుకుంటది. పాత నొప్పి గోళీలు కూడా ఆపరేషన్ రోజే ఆపరు, నెలల్లో తగ్గిస్తరు.

మోకాలు కింద తీసేసినోళ్లు మోకాలు కింద దిండు పెట్టుకొని పడుకోవద్దు, హాయిగ ఉంటది కానీ మోకాలు వంగి బిగుసుకపోతది, తర్వాత సాకెట్ పట్టదు. మోకాలు పైన తీసేసినోళ్లు రోజూ కొంచెంసేపు బోర్లా పడుకోవాలె, తుంటి వంగి బిగుసుకపోకుండా. కుట్లు సుమారు రెండు మూడు వారాలకు తీస్తరు, కాలు మళ్లీ పెట్టుకోవడం గాయాన్నిబట్టి నాలుగు నుంచి ఆరు వారాలు, షుగర్ ఉంటే ఇంకా లేట్. ఆ టైంలో డాక్టర్ ఓకే అన్నప్పటి నుంచి, లేని పాదాన్ని పైకి కిందికి ఊపుతున్నట్టు, వేళ్లు ముడిచి తెరుస్తున్నట్టు మనసులో అనుకుంటా ఎక్సర్‌సైజ్ చేయాలె. కొన్ని నెలలైనంక అట్ల అనుకున్నప్పుడు స్టంప్‌లో కండ సన్నగ అదరడం కనపడుతది, అంటే నరం కొత్త చోటుకు చేరిందన్నమాట.

జ్వరం, చీము, కుట్ల చుట్టూ ఎర్రగ వేడిగ వాపు, కుట్టు విడిపోవడం, ఇవి చూస్తే రివ్యూ డేట్ దాకా ఆగొద్దు, అదే రోజు పోవాలె. తొడ మొత్తం ఒక్కసారిగ ఉబ్బినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు, 108కి ఫోన్ చేయండి.

స్టంప్ ఆకారం మారుతది, కాబట్టి పాత సాకెట్ కుదరకపోవచ్చు. దానికి డబ్బులు ముందే పక్కన పెట్టుకోవాలె, ఆపరేషన్‌కే అంతా ఖర్చు పెట్టి కొత్త సాకెట్‌కు లేక, పాతదే పెట్టుకుంటే మళ్లీ ఒత్తుకొని కొత్త నొప్పి మొదలైతది. వాపు పూర్తిగ దిగకముందు కొలతలు తీయించుకోవద్దు, నెలకే లూజ్ అయితది.

తగ్గకపోతే

అందరికీ సున్నా కాదు, ఈ మాట ఏ సర్జన్ అయినా ముందే చెప్పాలె. స్టంప్‌లో పాయింట్ నొప్పి ఉన్నోళ్లకు ఫలితం ఎక్కువ, ఉత్త ఫాంటమ్ నొప్పే ఉండి బ్లాక్‌తో కూడా తగ్గనోళ్లకు గ్యారంటీ తక్కువ. ఆరు నెలలు దాటినా మార్పు లేకపోతే మళ్లీ తట్టి చూసి, మళ్లీ బ్లాక్ చేయించాలె, కాలులో నరం ఒక్కటే కాదు కదా, టిబియల్‌కు చేసిన్రు, సూరల్‌లో ఇంకో గడ్డ మిగిలి ఉండొచ్చు. అదీ కాకపోతే పెయిన్ క్లినిక్‌లో నరాన్ని చల్లబరిచి మొద్దుబార్చే క్రయో, రేడియో తరంగాలతోటి నరాన్ని మొద్దుబార్చే రేడియోఫ్రీక్వెన్సీ, వెన్నుపూస దగ్గర చిన్న కరెంటు తీగ పెట్టే స్పైనల్ కార్డ్ స్టిములేటర్ లాంటివి ఉన్నయి. స్టిములేటర్ చానా ఖరీదు, కానీ పర్మనెంట్‌గ పెట్టేముందు కొన్ని రోజులు ట్రయల్ వేసి చూస్తరు, ట్రయల్‌లో తగ్గకపోతే పెట్టించుకోవద్దు.

నెలల తరబడి నిద్ర లేని మనిషి మనసు కుంగిపోతది. "నేను ఎందుకు బతకాలె" అన్న మాట నోట్లో నుంచి వస్తే దాన్ని కోపం అనుకొని వదిలేయకండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఫ్రీ, తెలుగులో మాట్లాడుతరు. తర్వాతి ఓపీలో ఆ సంగతి నొప్పి డాక్టర్‌కు కూడా చెప్పండి, డులోక్సెటిన్ లాంటి కొన్ని మందులు రెండిటికీ పనిచేస్తయి కాబట్టి దాన్నిబట్టి ఆయన గోళీలు మారుస్తడు.